వాడుక ప్రమాణమా?

తెలుగులో ‘వాడుక’ అన్న మాట రెండు అర్థాలను విడదీయడానికి వీలులేనంతగా కలుపుకుని ఉంది. ఒక వస్తువును పనికి పెట్టుకోవడం వాడుక. అలా పెట్టుకోగా పెట్టుకోగా జనంలో స్థిరపడిన తీరు కూడా వాడుకే. రోజూ ఒకే వేళకు ఒకే ఇంటికి పోసే పాలను వాడుక పాలని అంటారు, జనం నోట నిలిచిన భాషను వాడుక భాష అంటారు, వెబ్‌సైట్‌ను ఉపయోగించే మనిషికి తెలుగు వికీపీడియాలో స్థిరపడిన పేరు వాడుకరి. ఉపయోగానికీ అలవాటుకూ మధ్య భాష ఏనాడో గుర్తించిన ఈ చుట్టరికాన్ని వెబ్‌సైట్ల రూపకల్పన శాస్త్రం గత మూడు దశాబ్దాలుగా తన పద్ధతిలో తాను తెలుసుకుంటూ వచ్చి, తెలిసిన అమరికలో ఉన్న పుటనే మనిషి సులువుగా వాడగలడని తేల్చింది. దీన్ని ఉత్త సౌకర్యంగా భావించి వదిలేసే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. పరిచయం జ్ఞానానికి తోడ్పడుతుందా, లేక జ్ఞానం కూర్చోవలసిన చోట తానే కూర్చుంటుందా? పరిచితమైన రూపాన్ని నమ్మి అడుగు వేసే మనిషి తెలిసి వేస్తున్నాడా, తెలియక వేస్తున్నాడా? భారతీయ దర్శనాలు ఈ ప్రశ్నను తెరలూ మీటలూ లేని కాలంలోనే ఎంతో సూక్ష్మంగా విచారించాయి, ఆ విచారణ ఇప్పటి సమస్యకు నేరుగా పనికొస్తుంది.

ముందుగా మాటల అర్థం చెప్పుకోవాలి. రూపకల్పనలో ‘నమూనా’ అంటే ఒకే రకమైన అవసరానికి పలుచోట్ల పలువురు వాడి నిలబెట్టిన అమరిక. ఈ భావనను కట్టడాల శాస్త్రంలో స్థిరపరచినవాడు క్రిస్టఫర్ అలెగ్జాండర్. ఆయన సహచరులతో కలిసి 1977లో వెలువరించిన ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’ గ్రంథం ఊరి పొందిక నుంచి కిటికీ పక్క కూర్చునే చోటు దాకా 253 నమూనాలను వివరించింది. కొన్నేళ్లకు సాఫ్ట్‌వేర్ నిపుణులు ఆ ఊహను అందిపుచ్చుకున్నారు. మనిషి సులువుగా వాడగలిగే తెరలు ఎలా ఉండాలో పరిశోధించిన జేకబ్ నీల్సన్ 1994 నాటికి స్థిరపరచిన పది సూత్రాలలో రెండు ఇక్కడ ముఖ్యం. తెర తనలో తానూ, లోకంలోని ఇతర తెరలతోనూ పొందిక కలిగి ఉండాలన్నది ఒకటి. మనిషి జ్ఞాపకం తెచ్చుకోవలసిన అవసరం లేకుండా చూసి గుర్తుపట్టే వీలు ఉండాలన్నది రెండోది. వాడుకరి తన కాలంలో ఎక్కువ భాగం ఇతరుల వెబ్‌సైట్లలోనే గడుపుతాడు కనుక, అక్కడ నేర్చినదాన్నే ఇక్కడా ఆశిస్తాడన్న మాట కూడా ఆయన పేరు మీదే ప్రచారంలో ఉంది.

జ్ఞాపకం తెచ్చుకోవడం వేరు, గుర్తుపట్టడం వేరు అన్న ఈ భేదాన్ని చదివిన తర్కవిద్యార్థికి వెంటనే మనసులో మెదిలేది అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం. పదిహేడో శతాబ్దపు ఆంధ్ర పండితుడైన అన్నంభట్టు న్యాయ వైశేషికాల సారాన్ని ప్రారంభ విద్యార్థుల కోసం కూర్చిన ఈ చిన్న పుస్తకంలో, కేవలం సంస్కారం వల్ల మాత్రమే పుట్టే జ్ఞానం స్మృతి అని లక్షణం చెప్పాడు. పూర్వానుభవం ఆత్మలో విడిచిన ముద్రను ఇక్కడ సంస్కారమంటారు; వేగం, స్థితిస్థాపకం అన్న మరి రెండు రకాల నుంచి వేరుపరచడానికి దానికి ‘భావన’ అన్న ప్రత్యేక నామం కూడా ఉంది. లక్షణంలోని ‘మాత్రమే’ అన్న చిన్న మాట ఎందుకని అడిగి, అది ప్రత్యభిజ్ఞను మినహాయించడానికేనని వ్యాఖ్యాతలు జవాబు చెప్పారు. ఎదుట నిలిచిన మనిషిని చూసి ఆనాటి దేవదత్తుడే ఇతడని తెలుసుకోవడం ప్రత్యభిజ్ఞ. అందులో పాత ముద్ర ఉంది, కాని ఇప్పటి చూపు కూడా ఉంది. అందువల్ల స్మృతికి ప్రమాణ హోదా, అంటే నిజమైన జ్ఞానానికి సాధనమన్న హోదా, ఇవ్వని నైయాయికులు ప్రత్యభిజ్ఞను మాత్రం ఇంద్రియాల ద్వారా కలిగే ప్రత్యక్షంలో చేర్చి గౌరవించారు. స్మృతిలో మనసు ఒంటరిగా పనిచేస్తుంది, ప్రత్యభిజ్ఞలో కన్నూ వస్తువూ మనసుకు చేయి అందిస్తాయి.

ఈ తేడా ఎంత లోతైనదో ఒక సామాన్యమైన పనిలో చూడవచ్చు. పింఛను వివరాలు తెలుసుకోవడానికి ఒక వృద్ధురాలు ఫోన్ తెర ముందు కూర్చున్నప్పుడు, వెతుకులాటకు భూతద్దం గుర్తు, వెనక్కు వెళ్లడానికి ఎడమవైపు చూపే బాణం, నొక్కదగిన మాటకు వేరే రంగు కనిపిస్తే ఆమె దేన్నీ తలచుకోనక్కరలేదు. వస్తువే సంస్కారాన్ని తట్టి లేపుతుంది. అలా లేపేదానికి శాస్త్రంలో ఉద్బోధకం అని పేరు. న్యాయసూత్రాల మూడో అధ్యాయంలో గౌతముడు స్మృతికి దోహదం చేసే హేతువులను వరుసగా చెబుతూ ఏకాగ్రత, అభ్యాసం, చిహ్నం, పోలిక వంటివాటిని లెక్కించాడు. తెర మీద పరిచిత నమూనా చేసే పనంతా ఆ జాబితాలోనే ఉంది. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజర్ లింకులను నీలిరంగులో, అడుగున గీతతో చూపి ఒక ఉద్బోధకాన్ని లోకానికి అలవాటు చేసింది. రూపశిల్పి ఆ రంగునూ గీతనూ రెంటినీ తీసివేసి లింకును మామూలు మాటలా వదిలినప్పుడు, ఆ వృద్ధురాలి సంస్కారం చెడిపోలేదు, తెలివి తగ్గలేదు. దాన్ని లేపవలసిన ఉద్బోధకం మాత్రం అక్కడ లేదు. ప్రత్యభిజ్ఞతో తీరిపోవలసిన పని స్మృతి మీద పడింది, స్మృతి అందకపోతే ఊహ మీద పడుతుంది. అటువంటప్పుడు ఆమె తనకే చేతకాదని అనుకుంటుంది. ఈ అపనింద రూపకల్పన చేసిన అన్యాయాలన్నిటిలోకీ పెద్దది, ఎందుకంటే అది మనిషికి తన జ్ఞానం మీద ఉన్న నమ్మకాన్నే తీసేస్తుంది.

ఎన్నడూ చూడని దాన్ని మొదటిసారి చూసినప్పుడు ఏమవుతుందన్నది తరువాతి ప్రశ్న. దీనికి న్యాయశాస్త్రం ఉపమానం అనే ప్రమాణాన్ని చెప్పింది. గవయం అనే అడవి మృగం ఆవులా ఉంటుందని అడవిలో తిరిగేవాడి వల్ల విన్న మనిషి, తరువాత అడవిలో అటువంటి మృగాన్ని చూసి, ఆ పోలికను తలచుకుని, గవయమంటే ఇదేనని తెలుసుకుంటాడు. కంప్యూటరు తెర మీది ఫైలు సంచీ, చెత్తబుట్ట, కొనుగోలు బండి అన్నీ ఇలా ఉపమానం మీద నిలిచినవే. కాని ఈ ప్రమాణానికి ఒక షరతు ఉంది: వినేవాడికి ఆవు ముందే తెలిసి ఉండాలి. చక్రాల బండిని తోసుకుంటూ తానే సరుకులు ఏరుకునే అంగడి పాశ్చాత్య నగరాల వాడుక. గట్టు అవతల నిలబడి అడిగితే కొట్టువాడు తూచి, పొట్లం కట్టి ఇచ్చే కిరాణా కొట్టుకు అలవాటుపడిన తెలుగు పల్లె మనిషికి ఆ బండి బొమ్మ ఏ ఆవునూ గుర్తుచేయలేదు. దాన్ని ఆయన ఉపమానంగా నేర్చుకోలేదు, పక్కవాడు నొక్కగా చూసి నేర్చుకున్నాడు. ఒక చోట సహజంగా పుట్టిన పోలిక మరోచోట ఉత్త సంకేతంగా మిగిలిపోతుందని, అందువల్ల అందరికీ తెలిసినది అన్న మాటను ఎవరి సందర్భంలోనైనా ఆచితూచి వాడాలని ఈ ఉదాహరణ హెచ్చరిస్తుంది.

అయినా సంకేతం నిలబడింది, ఎందుకు నిలబడిందో మీమాంసకులూ వైయాకరణులూ చెప్పిన భాషాతత్త్వం వివరిస్తుంది. మాటకు అవయవాలను విడదీస్తే వచ్చే అర్థం యోగం. లోకంలో స్థిరపడిన అర్థం రూఢి. పంకజమంటే బురదలో పుట్టినదని యోగార్థం, కాని బురదలో పుట్టిన ప్రతిదానినీ ఎవరూ పంకజమనరు, తామరనే అంటారు. రెండూ ఎదురుపడినచోట రూఢికే బలం ఎక్కువని శాస్త్రకారుల నిర్ణయం. పత్రాన్ని భద్రపరచడానికి నొక్కే చదరపు బొమ్మ ఒకప్పటి ఫ్లాపీ డిస్కు చిత్రం. ఆ డిస్కును చేతితో తాకని తరం పెరిగి పెద్దదైంది, యోగార్థం పూర్తిగా చెరిగిపోయింది, అయినా బొమ్మ అర్థం చెక్కుచెదరలేదు. మూడు అడ్డగీతల గుర్తును రూపశిల్పి నార్మ్ కాక్స్ 1981 నాటి జిరాక్స్ స్టార్ కంప్యూటరు కోసం గీశాడు. లోపల జాబితా ఉందని సూచించే ఆ గుర్తు ఆనాడు కొద్దిమందికే తెలిసినా, చేతి ఫోన్ల చిన్న తెరలు వచ్చాక కోట్లాది మందికి రూఢి అయింది. మాటలను పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న ప్రశ్నకు పెద్దల వ్యవహారాన్ని చూసి నేర్చుకుంటారని మీమాంసకులు జవాబిచ్చారు. ఆవును తెమ్మని ఒక పెద్ద చెప్పడం, మరో పెద్ద తేవడం చూసి పిల్లవాడు మాటకూ వస్తువుకూ ముడి వేసుకుంటాడు. తెర మీది గుర్తులను పెద్దలు నేర్చుకునే తీరు ఇదే, తరచుగా పిల్లలే పెద్దలకు ఆ వ్యవహారాన్ని చూపిస్తున్నారన్నదొక్కటే భేదం.

వ్యాకరణ గ్రంథమైన మహాభాష్యం తొలి ఆహ్నికంలో పతంజలి చెప్పిన పోలిక ఒకటి ఈ సందర్భంలో మరువరానిది. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి వెళ్లి చేసిపెట్టమంటాడు గాని, మాటలు కావలసినవాడు వైయాకరణుడి ఇంటికి వెళ్లి మాటలు చేసిపెట్టమని అడగడు; లోకంలో ఉన్న మాటలనే తీసుకుని వాడుకుంటాడు. కుండను చేసే పని, మాటను గుర్తించే పని స్వభావంలోనే వేరు. వెబ్‌సైట్‌ను రూపొందించేవాడు తనను కుమ్మరిగా భావించుకుంటాడు, చాలామేరకు అతడు కుమ్మరే. రంగుల మేళవింపు, అక్షరాల అందం, చెప్పే విషయపు పొందిక అతడి చేతి మట్టి. కాని వెనక్కు వెళ్లే బాణం, వెతికే పెట్టె, మూసే గుర్తు అతడివి కావు, అవి లోకం మాట్లాడే మాటలు. వాటిని తన పేరు నిలవడం కోసం మార్చడం, ఇంటికి వచ్చిన అతిథితో తాను మాత్రమే ఎరిగిన భాషలో మాట్లాడటం వంటిది. ఇక్కడ పరిచిత రూపం సౌకర్యం స్థాయిని దాటి ఋణం స్థాయికి చేరుతుంది. ఎందరో పేరు తెలియని మనుషులు ఏళ్ల తరబడి వేలు పెట్టి, తప్పులు చేసి, సరిదిద్దుకుని స్థిరపరచిన ఉమ్మడి ఆస్తి మీద ప్రతి కొత్త పుటా నిలబడుతుంది.

ఉమ్మడి రూపం మనిషికి ఏమి ఇస్తుందో చూపడానికి దేవాలయం కంటే మంచి సాక్ష్యం దొరకడం కష్టం. తిరుమలలో వైఖానస ఆగమం, శ్రీరంగంలో పాంచరాత్రం, శివాలయాల్లో శైవాగమాలు నడుస్తాయి, ఆగమమంటే ఆలయ నిర్మాణానికీ పూజావిధికీ క్రమం చెప్పే శాస్త్రం. వీటి మధ్య వివరాల్లో ఎన్ని భేదాలున్నా, ధ్వజస్తంభం, బలిపీఠం, గర్భగుడి వైపు ముఖం పెట్టిన వాహనం, మండపం, అంతరాళం, గర్భగృహం అన్న వరుస భక్తుడికి దారి చెబుతూనే ఉంటుంది. శ్రీకాకుళం నుంచి మొదటిసారి శ్రీశైలం వెళ్లిన మనిషి ఎక్కడ చెప్పులు విడవాలో, ఎటు ప్రదక్షిణ చేయాలో, ఎక్కడ తల వంచాలో ఎవరినీ అడగడు. శివాలయంలో అభిషేక జలం బయటికి వచ్చే సోమసూత్రాన్ని దాటకుండా వెనుదిరగడం వంటి ప్రత్యేక నియమం ఉన్నచోట కూడా, అది ఆ ఒక్క గుడికి కాక శివాలయాలన్నిటికీ చెందిన వాడుక కనుక, ఒకచోట నేర్చినది అన్నిచోట్లా చెల్లుతుంది. దారి వెతకడంలో ఖర్చుకాని మనసు దైవం మీద నిలుస్తుంది. దర్శనానికి వెళ్లినవాడు గుడి ప్రణాళికను గురించి ఆలోచిస్తూ గడిపితే ఆ ప్రణాళిక విఫలమైనట్టే. వెబ్‌సైట్‌కు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది.

ఇంతవరకు చెప్పినదానికి బలమైన ఆక్షేపణ బౌద్ధ తార్కికుల నుంచి వస్తుంది. సమస్తం క్షణికమని చెప్పే ఆ దర్శనంలో ప్రత్యభిజ్ఞకు ప్రామాణ్యం లేదు. దీపశిఖ ప్రతి క్షణం కొత్తది, కత్తిరించాక పెరిగిన వెంట్రుక పాతది కాదు, అయినా మనసు అదే దీపం, అదే వెంట్రుక అంటుంది. పోలికను చూసి అభేదాన్ని ఆరోపించడం మనసుకు ఉన్న దోషమే గాని తెలివి కాదని వారి వాదం. తెరల లోకంలో ఈ హెచ్చరికను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట అధ్యాసను నిర్వచిస్తూ, ముందు ఎక్కడో చూసినది స్మృతి రూపంలో మరోచోట భాసించడమని చెప్పారు. ముత్యపుచిప్పలో వెండి, తాడులో పాము అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. నకిలీ వెబ్‌సైట్ చేసే పని సరిగ్గా ఇదే. తిరుమల తిరుపతి దేవస్థానం తన పేరుతో నడుస్తున్న నకిలీ సైట్ల గురించి భక్తులను పలుమార్లు హెచ్చరించవలసి వచ్చింది. 2016లో మొదలైన యూపీఐ చెల్లింపులలో రహస్య సంఖ్య ఖాతా నుంచి డబ్బు వెళ్లడానికే గాని రావడానికి అవసరం లేదు. కాని అలవాటైన తెర కనబడగానే అలవాటుగా సంఖ్య నొక్కే చేతిని ఆధారం చేసుకుని, డబ్బు పంపుతామని నమ్మించి డబ్బు లాగేవారు ఎందరో ఉన్నారు. వాడుకరిని తప్పుదారి పట్టించే నమూనాలకు రూపశిల్పి హ్యారీ బ్రిగ్నల్ 2010లో ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టాడు. భారత ప్రభుత్వపు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో అటువంటివి పదమూడింటిని పేర్కొని మార్గదర్శకాల ద్వారా నిషేధించింది.

ఈ ఆక్షేపణ వాడుకను కొట్టివేయదు, దాని బరువును పెంచుతుంది. తాడును చూసి పామని భ్రమపడినవాడు కళ్లు మూసుకుని నడవాలని ఏ దర్శనమూ చెప్పలేదు, దీపం తెమ్మనే చెప్పింది. భ్రమ సాధ్యం కావడానికి కారణం మామూలుగా గుర్తింపు నిజమవుతూ ఉండటమే. నిజమైన నాణెం చెల్లుబాటులో లేని ఊళ్లో దొంగ నాణానికి విలువ ఉండదు. కనుక పరిచిత రూపాన్ని మోసానికి వాడేవాడు ఒక మనిషి డబ్బునే దొంగిలించడం లేదు, లోకమంతా కలిసి కూడబెట్టుకున్న నమ్మకాన్ని కల్తీ చేస్తున్నాడు. నిరాకరించే మీటను లేతరంగులో మూలకు నెట్టి, అంగీకరించే మీటను అలవాటైన చోట అలవాటైన రంగులో నిలిపేవాడిది కూడా చిన్న తరగతిదే అయినా అదే జాతి నేరం.

మరొక ఆక్షేపణ మోక్షశాస్త్రాల వైపు నుంచి రావచ్చు. సంస్కారాలే బంధమని, వాసనలు, అంటే మనసులో మిగిలిన పాత అలవాట్ల ముద్రలు, క్షయించాలని యోగ వేదాంతాలు బోధిస్తుండగా, అలవాటును ఇంకా గట్టిపరచే అమరికను మెచ్చుకోవడం ఏమి న్యాయమని అడగవచ్చు. దీనికి జవాబు ఆ శాస్త్రాల అభ్యాసంలోనే ఉంది. ఆసనం స్థిరం కావాలని, జపం తెంపులేకుండా సాగాలని, పూజ క్రమం తప్పకూడదని చెప్పినవి కూడా అవే శాస్త్రాలు. శరీరానికీ చేతికీ అలవాటైన పని మనసును వదిలిపెడుతుంది గనుకనే అలా చెప్పాయి. బంధించే వాసన మనసును తన వైపు లాక్కుంటుంది, విడిపించే అభ్యాసం మనసును తన నుంచి పంపివేస్తుంది. గంటల తరబడి వేలితో తెరను జరుపుతూ కూర్చోబెట్టే అంతులేని పుట మొదటి రకం, పని ముగించి లేచిపోనిచ్చే దరఖాస్తు పుట రెండో రకం. రెండూ పరిచితమైనవే, రెండింటి గతి ఒకటి కాదు.

పరిచితమైనదల్లా పాతదే కావాలన్న నియమం కూడా లేదు, తెలుగువారికి ఇది గిడుగు వేంకట రామమూర్తి నేర్పిన పాఠం. గ్రాంథిక భాషను సమర్థించిన పండితులు కూడా సంప్రదాయాన్నే ప్రమాణంగా చూపారు. ఆ సంప్రదాయం చదువుకున్న కొద్దిమంది పరిచయమని, జీవించి ఉన్న జనం నోటి వాడుక దానికంటే బలమైన ప్రమాణమని రామమూర్తి జీవితమంతా వాదించారు. ఒక నమూనా ఎవరికి పరిచితమని అడగకుండా దాన్ని నెత్తిన పెట్టుకుంటే, రూపకల్పన కూడా కొత్త గ్రాంథికంగా మారుతుంది. మార్పు అవసరమైనచోట మార్చవలసిందే, కాని కొంతకాలం పాత దారి కూడా తెరిచి ఉంచి, కొత్తది ఎందుకు మేలో పని ద్వారా చూపాలి.

తెలుగు వెబ్‌సైట్ల విషయంలో జనం వాడుకను నిలకడగా అనుసరించే కర్తవ్యం ఇంకా మొదటి దశలోనే ఉంది. కొన్ని ఆధారాలు మాత్రం గట్టిగానే ఉన్నాయి: ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చాలా భారతీయ లిపులకు ‘క’ అక్షరాన్ని ఒకే మీట మీద ఉంచింది కనుక తెలుగులో వేళ్లకు పట్టుబడిన చోటు కన్నడంలోనూ హిందీలోనూ మారదు. మాటల దగ్గరికి వస్తే అంత నిలకడ లేదు. దరఖాస్తు అడుగున ఉండే ఒకే మీట ఒకచోట ‘సమర్పించు’ అని, మరోచోట ‘దాఖలు చేయి’ అని, ఇంకోచోట ‘పంపు’ అని కనిపిస్తుంది. సమర్పించడం తెలుగువాడు దేవుడికి పువ్వులతో చేసే పని, దాఖలు చేయడం కచేరీ పని, పంపడం ఇంటి పని. ఓటీపీ, లాగిన్, పాస్‌వర్డ్ అన్న మాటలు ఏ నిఘంటువునూ అడక్కుండానే రూఢి అయ్యాయి. వాటిని తీసివేసి గదిలో కూర్చుని కల్పించిన సమాసాలు పెడితే చదివేవాడు ఆగిపోతాడు. తెలుగులో తెరలు రూపొందించేవారు మీట మీద మాట రాసే ముందు మీసేవ కేంద్రంలో వరుసలో నిలబడినవారు ఆ పనిని ఏమంటున్నారో వినాలి, విన్న మాటను అన్నిచోట్లా ఒకేలా రాయాలి.